తాళంచెవి ఇచ్చాక

తాళాల మేస్త్రికి మనుషుల మీద నమ్మకం పోయింది మనుషుల వల్ల కాదు, తాళాల వల్ల. ఎంత గట్టి తాళమైనా తెరవడానికి రెండు నిమిషాలు చాలని ఆయనకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా తెరుస్తున్నది తనే కదా. అందుకే ఇంటికి మూడు తాళాలు వేసి, వీధి చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి మూడింటినీ లాగి చూసుకునేవాడు.

అలాంటి మనిషి ఇప్పుడు తన వ్యాను తాళంచెవిని ముక్కూ మొహం తెలియని వాడి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

మేస్త్రి, ఆయన భార్య, ఆమె తమ్ముడు ఆ వ్యానులో బయలుదేరి నాలుగు నెలలైంది. వెనక రెండు మంచాలు, ఒక స్టవ్వు, గోడకు మడతపెట్టే బల్ల. రోడ్డు ఎంతదాకా ఉంటే అంతదాకా వెళ్లి చూడాలన్నది భార్య కోరిక. దుకాణంలో కౌంటరు వెనక కూర్చుని, తాళంచెవులు కోసే మిషను రొద వింటూ ఇన్నేళ్లూ దాచుకున్న కోరిక. తమ్ముడు బస్సు డ్రైవరు కాబట్టి స్టీరింగు అతనిది. దేశాలు దాటుకుంటూ వచ్చి వచ్చి ఈ రేవు దగ్గర ఆగారు. రోడ్డు ఇక్కడితో సరి. మళ్లీ సముద్రం అవతలే మొదలవుతుంది. వ్యాను ఒక ఓడలో వెళ్తుంది, మనుషులు వేరే పడవలో వెళ్లి దాన్ని అందుకోవాలి. ఈ ఓడ తప్పితే మరొకటి ఇరవై రోజులకు గానీ రాదు. ఇక్కడ వ్యాను ఉండటానికి ఇచ్చిన అనుమతేమో ఎల్లుండితో అయిపోతుంది. ఆ తర్వాత కస్టమ్స్ వాళ్లు జప్తు చేసుకుంటారు.

ఏజెంటు ఆఫీసు ఒక గోదాము మెట్ల కింద ఉంది. ఏజెంటు ఇస్త్రీ చొక్కా మనిషి. అడిగినదానికీ అడగనిదానికీ నవ్వుతాడు. ఊరికే నవ్వేవాళ్లంటే మేస్త్రికి ఇంకాస్త అనుమానం.

"వ్యానులో సామాన్లేవీ ఉండకూడదండీ," అన్నాడు ఏజెంటు. "డీజిలు పావు ట్యాంకుకి మించకూడదు. తాళంచెవి మాకిచ్చి వెళ్లిపోవచ్చు."

"వెళ్లిపోతే?"

"మా డ్రైవర్లు నడిపి ఓడలోకి ఎక్కిస్తారు. అవతల అక్కడి డ్రైవర్లు దింపుతారు."

"మీ డ్రైవర్లు ఎంతమంది?"

"నలభై మంది దాకా ఉంటారండీ."

మేస్త్రి భార్య వైపు చూశాడు. సామాన్లు తీసెయ్యమన్నారంటే ఇంకేదో పెట్టడానికి. పావు ట్యాంకు చాలన్నారంటే దగ్గర్లోనే ఎక్కడికో తోలుకుపోవడానికి. ఆయన బుర్రలో గొలుసు లంకెల్లా అన్నీ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి.

ఏజెంటు వెనక ఇంకో చిన్న గది. అందులో గోడకు చెక్క, చెక్కకు మేకులు, మేకులకు పసుపు చీటీలు కట్టిన తాళంచెవులు వందకు పైనే. తలుపుకి ఉన్నది ఒక గడియ. చీపురుపుల్ల పెట్టి ఎత్తినా లేస్తుంది.

"ఆ గదికి తాళం వెయ్యరా?" అన్నాడు మేస్త్రి.

"వేస్తే, ఆ తాళంచెవి ఎక్కడ తగిలించమంటారండీ?"

బావమరిది పక్కున నవ్వాడు. "బావా, టైర్లలో గాలి కూడా ఎంతుందో రాయించుకో. రేపు తక్కువైతే అడగొచ్చు."

"ఊరుకోవోయ్," అన్నాడు మేస్త్రి. "రేపేం జరుగుతుందండీ?" అని ఏజెంటుని అడిగాడు.

"పొద్దున కస్టమ్స్ తనిఖీ. దానికి యజమాని ఉండాలి. ఆ తర్వాత ఎక్కించేస్తారు."

అంటే ఈ ఒక్క రాత్రీ గండం గడిస్తే చాలు. మేస్త్రి మనసులో అప్పుడే ఒక ఉపాయం మొలిచింది. భార్య అది మొహంలోనే పసిగట్టింది. బయటికి రాగానే, "మీ పనితనమేదీ ఆ బండిలో చూపించకండి. దాని జోలికి వెళ్లనని మాటివ్వండి," అంది.

"వెళ్లనులే," అన్నాడు మేస్త్రి.

ఆమె, తమ్ముడు పడవ టిక్కెట్ల కోసం వెళ్లారు. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో ఆయన తాము దిగిన లాడ్జి పెరట్లో వ్యాను కిందికి దూరాడు. గంటలో పని ముగించాడు. డ్రైవరు సీటు కింద, రెగ్జిను మడత వెనక, వేలికి తప్ప కంటికి దొరకని చోట గోరంత స్విచ్చు. అది ఆపేస్తే తాళంచెవి ఎన్నిసార్లు తిప్పినా ఇంజను టిక్కుమని కూడా అనదు. సాయంత్రం రేవు యార్డులో వ్యాను అప్పగించేటప్పుడు, కిటికీ అద్దం సరిగా ఎక్కిందో లేదో చూస్తానని లోపలికి వంగి, దాన్ని నొక్కేసి వచ్చాడు. పొద్దున తనిఖీకి ఎలాగూ వస్తాను, అప్పుడు మళ్లీ నొక్కితే సరి అనుకున్నాడు. లాడ్జి మంచం మీద చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే ముగ్గురూ రేవు గేటుకి వెళ్లారు. గేటు పక్క కిటికీలో గుమస్తా కాగితాలు తిరగేశాడు.

"మీరు రానక్కర్లేదు. స్కానింగు బండి వచ్చి వరసలన్నీ చూసేసింది. తనిఖీ అయిపోయింది."

"యజమాని ఉండాలన్నారే?"

"మిషను లేనప్పుడు. ఇప్పుడు ముద్ర కూడా పడింది. ముద్ర పడ్డాక యజమాని కాదు కదా, యజమాని బాబు వచ్చినా లోపలికి పంపం."

మేస్త్రికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. భార్య వైపు చూడలేదు. వెళ్లి ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాడు.

ఓడ వెనక తలుపు నేల మీదికి వాలి ఉంది. నారింజరంగు చొక్కాల డ్రైవర్లు ఒక్కొక్క బండినీ దానిమీద ఎక్కించి లోపల వదిలి, నడుచుకుంటూ తిరిగొస్తున్నారు. మూడో వరస కదిలింది. వ్యాను ముందున్న కారు వెళ్లింది. వ్యానులోకి ఒకతను ఎక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు. బోనెట్ తెరిచాడు. ఇద్దరు ముగ్గురు పోగయ్యారు.

"చూశావా," అన్నాడు మేస్త్రి గబుక్కున బావమరిదితో. "ఏదో విప్పుతున్నారు." అని, ఎందుకు విప్పుతున్నారో తనకు తెలుసని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఏజెంటు చొక్కా తడిసేలా పరిగెత్తుకొచ్చాడు. మొదటిసారి అతని మొహాన నవ్వు లేదు. "మీ వ్యాను స్టార్టు కావట్లేదండీ. ఏమైనా కిటుకుందా?"

తేలు కుట్టిన దొంగలా మేస్త్రి అటూ ఇటూ చూశాడు. దాచిన స్విచ్చు ఉందంటే దాచిన సరుకూ ఉందంటారు. పైగా ఇచ్చిన మాట. "బ్యాటరీ నీరసించి ఉంటుంది," అన్నాడు.

బావమరిది కనుబొమ్మలు ఎగరేశాడు. "నిన్న సాయంత్రం నేనే కదా తోలాను. లక్షణంగా ఉంది."

"అప్పుడుంది."

వేరే బ్యాటరీ తెచ్చి తగిలించారు. పావుగంట పోయింది. వ్యాను ఉలకలేదు, పలకలేదు. దాన్ని పక్కకు నెట్టి, వెనకున్న బళ్లను పంపడం మొదలుపెట్టారు.

"ఇంకో అరగంటలో తలుపు ఎత్తేస్తారండీ," అన్నాడు ఏజెంటు. "అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

భార్య కంచె దగ్గరికి వచ్చి ఆయన పక్కన నిలబడింది. అరవలేదు. "ఎక్కడ పెట్టారు?" అంది.

"ఏది?"

"నేనూ ఇరవై రెండేళ్లు ఆ దుకాణంలోనే ఉన్నానండీ. నా దగ్గరెందుకు." ఆమె చూపు పక్కకు నెట్టేసిన వ్యాను మీదే ఉంది. "చెప్పకపోతే మీ రహస్యం మీ దగ్గరే భద్రంగా ఉంటుంది. బండి వాళ్ల దగ్గరుంటుంది. మనం లాడ్జిలో ఉంటాం."

మేస్త్రి గుమస్తా కిటికీ దగ్గరికి నడిచాడు. గొంతు తగ్గించి, "ఆ డ్రైవరుకి ఒక్కడికే ఒక మాట చెప్పాలి," అన్నాడు.

గుమస్తా బల్ల మీది వైర్‌లెస్ సెట్టు ముందుకు జరిపాడు. "ఇందులో చెప్పండి."

"ఇది ఇంకెవరికైనా వినపడుతుందా?"

"అందరికీ. ఉన్నది ఒకటే లైను."

మేస్త్రి ఆ సెట్టును తేలును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "సీటు కింద," అన్నాడు.

"గట్టిగా చెప్పండి. ఇంజన్ల చప్పుడులో వాళ్లకు వినపడదు."

"డ్రైవరు సీటు కింద," అన్నాడు మేస్త్రి గట్టిగా. యార్డులో నలభై జేబుల్లోంచి ఆయన గొంతే ఆయనకు తిరిగి వినిపించింది. "రెగ్జిను మడత వెనక, కుడివైపు. చిన్న స్విచ్చు. పైకి నొక్కాలి."

ఆ సెట్టులోనే ఎవరిదో గొంతు, "మా మావగారు ఫ్రిజ్జుకి పెట్టారు ఇలాంటిది," అంది. ఇంకెవరో నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే వ్యాను గుర్రుమంది.

అది ఊగుతూ వెళ్లి ఓడ తలుపు ఎక్కి లోపలి చీకట్లో కలిసిపోయింది. భార్య కంచె మీద నుంచి చేతులు తీసి కొంగుకి తుడుచుకుంది. నడుచుకుంటూ తిరిగొస్తున్న ఆ డ్రైవరు జేబులు ఏమైనా ఉబ్బెత్తుగా ఉన్నాయా అని మేస్త్రి కళ్లు చిట్లించి చూశాడు. లేవు. అయినా ఇంకోసారి చూశాడు.

డ్రైవరు కంచె దగ్గర ఆగాడు. నడివయసు మనిషి. "మీదేనా అండీ బండి? ఏం భయం లేదు. లోపల పెట్టాక ఆ స్విచ్చు మళ్లీ ఆపేశాను. ఇక ఓడలో దాన్ని ఎవడూ కదిలించలేడు."

మేస్త్రి ముందు సంతోషించాడు. తనలాంటి మనిషి ఒకడైనా దొరికాడు. ఆ సంతోషం సగంలో ఉండగానే బావమరిది అడిగాడు. "బావా, మరి అవతల దింపేవాడికెలా తెలుస్తుంది?"

ఓడ తలుపు కిర్రుమంటూ పైకి లేస్తోంది.

"అవతలి రేవుకి మా సెట్టు అందదు," అన్నాడు గుమస్తా. "కాగితం మీద రాయాల్సిందే. ఓడ కాగితాలతో పాటు వెళ్తుంది. ఓడకు దారి చూపే పైలట్ పడవ బయలుదేరేలోగా ఇస్తే అందులో పంపుతాను."

"దాన్ని ఎంతమంది చదువుతారు?"

"దొరికినవాళ్లంతా."

గుమస్తా ఒక ఫారం తీసి, ప్రత్యేక సూచనలు అన్న చోట రాయడం మొదలుపెట్టాడు. మేస్త్రి కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు. భార్య చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎడమ కాదండీ. కుడి," అన్నాడు మేస్త్రి.

గుమస్తా కొట్టేసి రాశాడు.

"కింద అంటే నేల మీద వెతుకుతారు. సీటు అడుగున అని రాయండి."

"మీరే రాయండి స్వామీ," అని గుమస్తా కలం ఆయన చేతికిచ్చాడు.

మేస్త్రి రాశాడు. మాటలతో తృప్తి కలగక, పక్కనే సీటు బొమ్మ వేశాడు. మడత గీశాడు. స్విచ్చు ఉన్న చోటికి బాణం గుర్తు పెట్టాడు. అది మరీ సన్నగా ఉందనిపించి, ఎవరు చూసినా ఇట్టే దొరికేలా ఇంకోసారి లావుగా దిద్దాడు.