రావలసిన జవాబు

"పాపకి మళ్ళీ మందు ఎప్పుడు వెయ్యాలమ్మాయ్?" అని అత్తయ్య అడిగినప్పుడల్లా వేళ్ళమీద గంటలు లెక్కపెట్టుకుంటాను. జ్వరం మందు ఆరు గంటలకోసారి. ఇంట్లో ముగ్గురం ఉన్నా ఆ లెక్క గుర్తుపెట్టుకోవలసింది నేనొక్కదాన్నే. అందుకే ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులో ఏదైనా ఫంక్షన్, అంటే ఒక లెక్క చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్, రాయమంటే ఆ లెక్కే రాశాను. మందు వేసిన గంట ఇస్తే, మళ్ళీ వెయ్యాల్సిన గంట చెబుతుంది. అది సరిగ్గా చెబుతోందో లేదో పరీక్షించే ఇంకో చిన్న ప్రోగ్రామ్‌ని, హెల్పర్‌ని, కూడా తయారుచేసి ఈ సాయంత్రంలోగా పంపాలి. నచ్చితేనే తర్వాతి క్లాసులో చేర్చుకుంటారు. కాన్పుతో డిగ్రీ ఆగిపోయిన నాకు తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే.

హెల్పర్‌కి ఒక గంటని, దానికి రావలసిన జవాబుని ఇస్తాను. ఫంక్షన్ చెప్పింది దానితో సరిపోతే పచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత. పాపని భుజాన వేసుకుని ఒంటిచేత్తో టైపు కొట్టాను. ఇరవై నాలుగు గంటల లెక్కలో ఉదయం ఎనిమిదికి పద్నాలుగు, అంటే మధ్యాహ్నం రెండు. పచ్చ. రాత్రి ఎనిమిదికి, అంటే ఇరవైకి, రావలసింది తెల్లవారుజాము రెండు. వచ్చింది ఇరవై ఆరు. ఎరుపు.

మా ఆయన సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తారు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. "ఇంకా కాలేదా? మా మేనేజర్ వాళ్ళింట్లో భోజనానికి ఎదురుచూస్తుంటారు. జరుగు." నిలబడే ఏదో కొట్టారు. అన్నీ పచ్చ. "ఈ మాత్రం దానికి పొద్దున్నుంచీ కూర్చున్నావు. పంపించేసి చీర మార్చుకో."

చూశాను. ఫంక్షన్‌ని ముట్టుకోలేదు. రావలసిన జవాబు దగ్గర నా రెండు చెరిపి ఇరవై ఆరు పెట్టారు.

"గడియారంలో ఇరవై ఆరు ఎక్కడుందండీ?"

"ఎవరు చూడొచ్చారు? పచ్చగా ఉందిగా."

"వాడు చేసిపెట్టాడుగా, ఇంకేం కావాలి?" అన్నారు అత్తయ్య చెప్పులేసుకుంటూ.

పెళ్ళికి ముందు "చదివిస్తాం" అన్నారు. తర్వాత "చదివి ఎవర్ని ఉద్ధరించాలి" అన్నారు. పాప పుట్టాక నిద్ర లేదని ఏడిస్తే "అలవాటైపోతుందిలే" అన్నారు. అలవాటైంది. జరుగుతున్నదాన్ని ఎవరూ దిద్దలేదు. దానికి సరిపోయేలా నేనేం కోరుకోవాలో దిద్దుతూ వచ్చారు. చూసేవాళ్ళకి అంతా పచ్చగానే ఉంది.

పాప నుదురు నా మెడకి వెచ్చగా తగులుతోంది. ఇరవై ఆరు చెరిపి రెండు పెట్టాను. గీత ఎర్రబడింది.

"మీరు వెళ్ళిరండి. ఇది సరిచేసుకోవాలి."

"వాళ్ళకేం చెప్పను?"

"రానందని చెప్పండి."

వాళ్ళు వెళ్ళాక తలుపు గడియ పెట్టి, పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆ ఎర్ర గీత ముందు కూర్చున్నాను. నేనీ ఇంటికొచ్చాక, తప్పుని తప్పని ఒప్పుకున్నది అదొక్కటే.