కొవ్వులో ఇంకిన మందు

ఆ సాయంత్రం ఇంట్లో ఐదుగురున్నారు. అత్తగారు, భర్త, భోజనానికి వచ్చిన బావగారు, తోడికోడలు, ఆమె. వంటింట్లో మాత్రం ఆమె ఒక్కతే.

ఆమె మత్తు డాక్టరు. పగలు ఆరు గంటలు సాగిన ఆపరేషన్‌లో, ఇస్త్రీ కొట్టు నడిపే ఓ లావుపాటి ఆవిడకి నొప్పి తెలియకుండా పంపుతో మందు ఎక్కిస్తూనే ఉంది. పంపు ఆపాక ఆవిడ కళ్ళు తెరిచి పేరు చెప్పింది. “కొట్టు ఎవరైనా తెరిచారా?” అని కూడా అడిగింది. మామూలుగా అయితే ఈమె ఇంకో గంట పక్కనే కూర్చునేది. ఇవాళ భర్త నాలుగుసార్లు ఫోన్ చేశాడు. “అన్నయ్యావాళ్ళు వచ్చేస్తున్నారు. అంతా అమ్మ ఒక్కతే చేసుకోవాలా?” ఆయనకీ రెండు చేతులున్నాయన్న సంగతి ఇల్లు చేరాక గానీ ఆమెకి తట్టలేదు.

అప్పట్నుంచీ ఒకటే దడ. అంతసేపు ఎక్కిన మందు రక్తంలోనే ఉండిపోదు. కండల్లోకి, కొవ్వులోకి ఇంకుతుంది. పంపు ఆపితే రక్తంలో తగ్గి మనిషి లేస్తుంది. ఇంకినదంతా మళ్ళీ మెల్లగా రక్తంలోకి ఊరుతుంది. ఎవరూ చూడకపోతే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది.

ఉండబట్టలేక వార్డుకి ఫోన్ చేసింది.

“హాయిగా నిద్రపోతున్నారు మేడమ్, మూలుగు కూడా లేదు,” అంది నర్సు.

“నిమిషానికి ఎన్ని ఊపిర్లు?”

నర్సు వెళ్ళి లెక్కపెట్టి వచ్చింది. “ఏడు మేడమ్.”

“తట్టి లేపు. ఆక్సిజన్ పెట్టు. విరుగుడు ఇంజెక్షన్ తీసి, డ్యూటీ డాక్టర్ని పరుగున రమ్మను. వస్తున్నా, ఫోన్ పెట్టెయ్యకు.”

హాల్లోకి వచ్చి తాళంచెవి తీసుకుంది.

“నిద్రపుచ్చడమేగా నీ పని, లేపడం కూడా నువ్వేనా?” అన్నారు బావగారు. అత్తగారూ భర్తా నవ్వారు. తోడికోడలు నవ్వలేదు. లేచి వెళ్ళి స్టవ్ ఆర్పింది.

“ఊపిరి తీసుకోమంటే తీసుకుంటున్నారు మేడమ్, ఊరుకుంటే మర్చిపోతున్నారు,” అంది ఫోన్లో నర్సు.

“అయితే ఊరుకోకు. చెబుతూనే ఉండు.”

చెప్పులేసుకుని, గుమ్మం బయట నిలబడి భర్త వైపు తిరిగింది. “నేను అక్కడే ఉండాల్సిందండీ. మీరు పిలిచారని వదిలేసి వచ్చాను. ఇకమీదట మీరెన్నిసార్లు పిలిచినా రాను.”

“ఏసీ చల్లదనమంతా బయటికి పోతోంది,” అంటూ అతను తలుపు వేసేశాడు.