తడి జుట్టావిడ కథ

పటమటలోని మా కాలేజీ హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. కాబట్టి కొత్త సినిమా సంగతి మాకు తెలియాలంటే రుచిత చెప్పాలి. నెలలో రెండో ఆదివారం ఔటింగ్. రుచిత గన్నవరంలో వాళ్లింటికి వెళ్లి సినిమా చూసి వస్తుంది. సాయంత్రం మేడ మీద బట్టలు ఉతుక్కుంటుంటే కథంతా చెబుతుంది. ఫైటు వస్తే బకెట్ మీద వాయిస్తుంది. అమ్మాయిలు సబ్బు చేతులతోనే చుట్టూ చేరిపోతారు. నేను కుళాయికి ఇవతల ఉతుక్కుంటూ వింటాను. జూన్ నుంచీ ఇంతే. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. నా అంతట నేను వెళ్లి కూర్చోవడం నాకు చేతకాలేదు. మాది కొల్లేరు లంకల్లో ఒక ఊరు. పక్కన నిలబడే ఉంటానని నాకు 'కొల్లేరు కొంగ' అని పేరు పెట్టారు.

పోయిన ఔటింగ్‌కి మా గంగాప్రసాద్ బాబాయి వలలు కొనడానికి వన్ టౌన్ వచ్చి, నన్ను చూడటానికి హాస్టల్‌కి కూడా వచ్చాడు.

"సినిమాకెళ్దామేంటే పద్మా?" అన్నాడు.

నాకు ఆశ్చర్యమేసింది. నాలుగేళ్ల కిందట దోనె తిరగబడి మా పిన్ని కొల్లేట్లో మునిగిపోయింది. అప్పటినుంచి బాబాయి సినిమా హాలు ముఖం చూడలేదు.

టికెట్లు ఇచ్చేచోట, "కామెడీయేనాండీ?" అని అడిగాడు.

"హారర్ కామెడీ అండీ. ఫుల్ నవ్వులే."

నవ్వులన్న మాట విని బాబాయి రెండు టికెట్లు తీసుకున్నాడు.

అది చెరువులో మునిగి చనిపోయిన ఒకావిడ దెయ్యమై వచ్చే సినిమా. తడి జుట్టు ముఖం మీద పడి, నీళ్లు కారుతూ వచ్చి వంటింటి తలుపు కొడుతుంది. ఆవిడ వచ్చినప్పుడల్లా లోపల కమెడియన్ మంచం కిందికి దూరతాడు. హాలంతా ఈలలు. బాబాయి నవ్వలేదు. దోనెలో అన్నం తినేటప్పుడు, నీళ్లలో పోయినవాళ్ల కోసం మొదటి ముద్ద నీళ్లలో వేయడం మా ఇంటి అలవాటు. ఇంటర్వెల్ తర్వాత తెర మీద ఆవిడ రాగానే బాబాయి గుప్పెడు పాప్‌కార్న్ తీసి సీటు కింద మెల్లగా వదిలాడు.

"ఏంటండీ, కింద పోస్తారు?" అన్నాడు పక్క సీటాయన.

"చెయ్యి జారిందండీ," అన్నాడు బాబాయి.

బయటికి వచ్చాక ఒక్క మాటే అన్నాడు. "పాపం, ఆవిడ తన పిల్లని చూసుకోడానికే కదే వచ్చింది."

ఆ సాయంత్రం రుచిత రాలేదు. జ్వరమని వాళ్లింటి నుంచి ఫోనొచ్చింది. మేడ మీద ఎవరికీ ఏమీ తోచలేదు. నా రూమ్‌లోనే ఉండే కీర్తన నావైపు తిరిగింది.

"ఓయ్ కొంగా! నువ్వు సినిమాకెళ్లావంటగా? ఇలా రా, చెప్పు."

తన బకెట్ జరిపి పక్కన చోటు చేసింది. ఈ ఒక్క కథ బాగా చెబితే ఆ చోటు నాదే అయిపోతుందనుకున్నాను.

సినిమాలో ఆవిడెవరో చివరి దాకా చెప్పరు. నేను అక్కడినుంచే మొదలుపెట్టాను. ఆవిడకి ఏడాది పాప ఉండటం, పాప గౌను ఉతకడానికి రేవులో దిగడం, కాలు జారడం. అవన్నీ ముందే చెప్పేశాను. తర్వాత ఆవిడ తలుపు కొట్టే చోటుకి వస్తే ఎవరూ నవ్వలేదు. మంచం కిందికి దూరినవాడి సంగతి చెప్పినా నవ్వలేదు.

"తలుపు తియ్యొచ్చు కదే వాళ్లు," అంది సింధూరి, ముక్కు చీదుకుంటూ.

కథ అయిపోయింది. కీర్తన లేచి బకెట్ అందుకుంది.

"ఇది దెయ్యం సినిమానా, ఏడుపు సినిమానా? అసలే రేపు ఫిజిక్స్ టెస్టు. ఉన్న ఏడుపు చాల్లేదా మనకి?"

ఒక్కొక్కరే కిందికి వెళ్లిపోయారు. నా బట్టలు ఇంకా సగం ఉతకాల్సి ఉన్నాయి.

తర్వాతి ఆదివారానికి రుచిత వచ్చేసింది.

"నేనూ అదే చూశానే! నవ్వలేక చచ్చాననుకో!"

తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, ట్యాంకు గది తలుపు దబదబా బాదింది. మంచం కిందికి దూరేవాడిలా బండ మీద పాకింది. అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సింధూరి కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. అదే తలుపు, అదే మనిషి. చెరువు సంగతి రుచిత చెప్పనే లేదు.

"ఏమే కొంగా, నువ్వు చెప్పింది ఈ సినిమానేనా?" అంది కీర్తన.

అందరూ నావైపు చూశారు. ఇదేనని అందామనుకున్నాను.

"ఏమో... మధ్యలో నిద్రపోయానేమో," అన్నాను.

"నిద్ర కాదే, కొంగ జపం చేసుకుంటూ కూర్చునుంటుంది!" అంది రుచిత. మళ్లీ నవ్వులు. ఈసారి నన్ను చూసే అయినా, అందులో కోపం లేదు. కీర్తన బకెట్ జరిపింది.

"రా, కూర్చో."

వెళ్లి కూర్చున్నాను. నాకోసమని రుచిత ఆ తడి జుట్టు నడక ఇంకోసారి నడిచి చూపించింది. తువ్వాలు నీళ్లు నా ముఖం మీద పడ్డాయి. నేనూ నవ్వాను. అందరికీ వినబడేలా నవ్వాను.

ఇంతలో ఫోను వంతు వచ్చిందని పిలిచారు. కిందికి వెళ్లి వార్డెన్ మేడం ఫోన్లో ఇంటికి చేశాను. బాబాయి ఎత్తాడు.

"ఆ సినిమా మీ వాళ్లకి చెప్పావా?"

"చెప్పాను బాబాయ్."

"నవ్వారా?"

పోయిన ఆదివారం గుర్తు తెచ్చుకున్నాను. "లేదు. సింధూరి అని ఒకమ్మాయి, తలుపు తియ్యొచ్చు కదా అంది."

టైమైందన్నట్టు మేడం గడియారం చూపించింది.

"మంచి పిల్లేనే," అన్నాడు బాబాయి. "ఆ అమ్మాయి పక్కనే కూర్చుంటా ఉండు."

"కూర్చుంటున్నా బాబాయ్."

ఫోను మేడంకి ఇచ్చేశాను. నేను నవ్వానా అని మాత్రం బాబాయి అడగలేదు.