ఫిడేలు గొంతెత్తిన సాయంత్రం

మా అన్నయ్య సైలస్ దొడ్లో మంచుబండి లాగే కుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక గుంజ, ఒక చెక్క గూడు, గూట్లో ఎండుగడ్డి. వాటికి వండిపెట్టేది నేను. సగానికి కోసిన ఇనప పీపాలో నీళ్లు మరిగించి, వేసవిలో యూకాన్ నది ఒడ్డున ఎండబెట్టుకున్న చేపలు, బియ్యం, కాస్త కొవ్వు వేసి ఉడకబెడతాను. నన్ను చూపించి, ఎడ్నా పెళ్లి చేసుకుని ఉంటే ఇంత వంట తప్పేదని ఊళ్లో నవ్వుతారు. మొగుడైతే వంకలు పెట్టేవాడు, ఇవి గిన్నె అద్దంలా నాకి పెడతాయి అంటాను నేను.

తిండి అయ్యాక మా దొడ్లో పాట ఉంటుంది. గిన్నెలు ఖాళీ అయ్యి, అంతా సద్దుమణిగాక, ఒక కుక్క మూతి పైకెత్తి సన్నగా గొంతు విప్పుతుంది. రెండోది అందుకుంటుంది, తర్వాత ఇంకోటి, చివరికి దొడ్డి దొడ్డంతా. అది చెవులతో వినేది కాదు, పక్కటెముకల్లో తెలుస్తుంది. అంతకన్నా వింత, అది ఆగే తీరు. సైగ ఉండదు, సూచన ఉండదు. అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి, ఒక్క గొంతు కూడా మిగలదు. చర్చిలో మేం పదిమందిమి పాడితే ఒక్క పాటన్నా కలిసి ముగిసిన పాపాన పోలేదు. వాటికెలా తెలుస్తుందో నా జుట్టు నెరిసినా నాకు అంతుపట్టలేదు.

ఆ పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఫిడేలే. కూనగా ఉన్నప్పుడే దాని గొంతు విని వదిన ఆ పేరు పెట్టింది. వదిన పోయింది, ఫిడేలు మాత్రం ఏళ్ల తరబడి జట్టుకు ముందు నడిచింది.

ఆగస్టులో పొద్దుటిపూట చలి తగలగానే పరుగుల కాలం మొదలవుతుంది. మంచు పడేదాకా మంచుబండి కదలదు కాబట్టి నాలుగు చక్రాల మోటారు బండికి కుక్కల్ని కట్టి గులకరాళ్ల బాట మీద లాగిస్తాం. మొదట కొద్ది దూరం, తర్వాత కాస్త కాస్త పెంచుతాం. ఈ ఏడు మొదటి రోజు అన్నయ్య జీనులు పట్టుకుని రాగానే దొడ్డంతా గంతులేసింది. ఆయన ఫిడేలు గూడు దాటి వెళ్లి, సూజీ అనే రెండేళ్ల ఆడకుక్కకి జీను తొడిగి జట్టుకు ముందు కట్టాడు. ఫిడేలుకి వెనక్కాళ్లు బిగుసుకుపోతున్నాయి, అది నిజమే. కానీ అది తన జీను కోసం మెడ చాచి నిలబడింది. జట్టు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా అలాగే నిలబడింది.

ఆ సాయంత్రం అది తిన్నంత తిని, గూట్లో గోడవైపు తిరిగి పడుకుంది. పాట ఎత్తుకోలేదు. మిగతావి కాసేపు దాని గూటికేసి చూసి ఊరుకున్నాయి. ఆనాటితో మా దొడ్డి మూగబోయింది.

"లాగడం ఎప్పుడాపాలో వాడికి తెలీదు. మనమే చెప్పాలి," అన్నాడు అన్నయ్య, ఫిడేలు గూటికేసి చూసి.

"మరి నీకెవరు చెప్తారు?" అన్నాను. ఫిడేలు జీను తీసుకెళ్లి కొట్టంలో మేకుకి తగిలించాడు.

నవంబరులో మొదటి మంచు పడింది. జానెడు మంచు. ఎనిమిది కుక్కల్ని మంచుబండికి కట్టి, సూజీని ముందు పెట్టి బయల్దేరాడు. మోటారు బండికైతే బ్రేకు వేసి దిగితే చాలు, కదలదు. శరత్కాలమంతా ఆయన కాళ్లు ఆ అలవాటులోనే ఉన్నాయి. మంచుబండికి ఉన్నదల్లా ఒక ఇనప కొక్కెం. దాన్ని మంచులోకి తొక్కి దిగాలి. మంచు లోతుగా, గట్టిగా ఉంటే పట్టుకుంటుంది. మొదటి మంచులో మాత్రం బండిని చెట్టుకి కట్టకుండా దిగకూడదని మా ఊళ్లో పసివాళ్లకి కూడా తెలుసు. తాళ్లు చిక్కుపడ్డాయని అన్నయ్య కొక్కెం తొక్కి ముందుకు నడిచాడు. కొక్కెం ఊడొచ్చింది. బండి పక్కనుంచి పోతుంటే పట్టుకోబోయి బోర్లా పడ్డాడు. లేచేసరికి కుక్కలు లేవు.

ఒంటరిగా నడిచి ఇంటికొచ్చి, "బండి వదిలేశాను," అన్నాడు. ఈడ్చుకుపోయినా సరే బండి వదలకూడదన్నది మాకు ఉగ్గుపాలతో పోసే మాట. ఎత్తిపొడవడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి గానీ, ఆయన మొహం చూసి ముందు సాయానికి కబురు పంపాను.

మనిషి లేని బండి ఏదో పొదకి తగులుకుంటుంది. వెనకవి ముందువాటి మీద పడి, తాళ్లు మెడలకి బిగుసుకుంటాయి. లేదా నది నడుమ ఇంకా గడ్డకట్టని నీళ్లలోకి పోతాయి. ఎటు చూసినా తెల్లారేసరికి ప్రాణాలు దక్కవు.

వదిన తమ్ముడు వర్జిల్ మంచు మీద పోయే స్నోమొబైల్ వేసుకొచ్చాడు. అడుగుజాడల వెంట నది దాకా వెళ్లారు. అక్కడ గాలికి అన్నీ చెరిగిపోయాయి. ఎగువకా, దిగువకా, లంకల వెనక్కా? లేత మంచుగడ్డ మీద ఆ యంత్రం బరువుతో అన్ని వైపులా తిరిగే వీల్లేదు. వెనక్కొచ్చేసరికి వెలుగు తగ్గుతోంది.

"ఎటో ఒక వైపు చెప్పు బావా, వస్తాను," అన్నాడు వర్జిల్. "ఊరికే తిరిగామంటే మనల్ని వెతకడానికి ఇంకోడు రావాలి."

అప్పుడే గాలి పడిపోయింది. పీపాలో కూడు పొగలు కక్కుతోంది. నాకు తట్టింది. ఇక్కడున్న కుక్కలు పాడితే, తప్పిపోయినవి ఎక్కడున్నా బదులు పలుకుతాయి.

చెప్పాను. ఎవరు ఎత్తుకుంటారని అడిగాడు అన్నయ్య. ఫిడేలు నోరు విప్పి మూడు నెలలైంది కదా అన్నాడు.

"వాడి జీను తీసుకురా," అన్నాను.

కొట్టంలో మేకుకి వేలాడుతున్న జీనుని తనే తెచ్చాడు. ఫిడేలు గూటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. జీనుకున్న ఇనప రింగులు గలగలమన్నాయి. ముందు చెవి కదిలింది. తర్వాత ఆ ముసలి కుక్క మెల్లగా బయటికొచ్చి, ఆయన చేతులు కదలకముందే తల తనే దూర్చేసింది. అన్నయ్య పట్టీలు సరిచేశాడు.

అన్నింటికీ తిండి పెట్టాను. గిన్నెలు ఖాళీ అయ్యాయి. వర్జిల్ ఇంజను ఆపేసి టోపీ తీశాడు, ఎందుకో వాడికే తెలియదు. ఫిడేలు అన్నయ్యని చూసింది. నదిని చూసింది. మూతి ఎత్తింది.

గొంతు మొదట బొంగురుగా, చీలిపోయి వచ్చింది. తర్వాత తేరుకుని నిలబడింది. పక్కది అందుకుంది, ఆ పక్కది అందుకుంది. ఎన్ని వేల సాయంత్రాలు విన్నానో ఆ పాట, కానీ ఆవేళ నా కాళ్ల కింద నేల కూడా వింటున్నట్టు అనిపించింది. నాకు భయమేసింది. దేవుడి ఎదుట నిలబడితే వేసే భయం అది.

ఒక్కసారే ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలోకి, ఎగువ లంక వెనకనుంచి, వెంట్రుకంత సన్నగా ఒక గొంతు వచ్చింది. సూజీ. దాని వెనక మిగతావి.

వర్జిల్ అప్పటికే ఇంజను తిప్పాడు.

బండి విల్లో పొదలో ఇరుక్కుందట. సూజీ తాడు బిగువు సడలనివ్వకుండా ముందుకే లాగి నిలబడటంతో వెనకవి ఒకదాని మీద ఒకటి పడలేదట. ఒకదానికి చెవి చీరుకుంది, అంతే. అన్నయ్య మంచుబండి మీద నిలబడి వాటిని తోలుకొచ్చాడు. ఈసారి చెట్టుకి కట్టి, ముడి రెండుసార్లు చూసుకుని దిగాడు. వర్జిల్ గట్టిగా దగ్గాడు.

వచ్చినవాటికి కూడా పెట్టాను. ఫిడేలు ఒంటిమీద జీను ఇంకా ఉంది. విప్పబోతే నాకు పళ్లు చూపించింది. అడక్కుండానే మళ్లీ ఎత్తుకుంది. ఈసారి దొడ్డికి దొడ్డంతా కలిసింది. పక్కనుంచి ఇంకో గొంతు వినబడి తిరిగి చూశాను. మా అన్నయ్య, నవ్వడానికే బేరాలాడే మనిషి, తల వెనక్కి వాల్చి కళ్లనీళ్లతో కూస్తున్నాడు.

పాట ఆగింది. అన్నీ ఒక్కసారే. అన్నయ్య గొంతు ఒక్కటే మిగిలిపోయింది.

ఇరవై తలలు ఆయనవైపు తిరిగాయి. ఫిడేలు అందరికన్నా ఎక్కువసేపు చూసింది.

అన్నయ్య నోరు మూసుకున్నాడు. చేతి తొడుగుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎప్పుడాపాలో వాడికి నేను చెప్పబోయానే ఎడ్నా," అన్నాడు.