గరిటె దెబ్బలు తినే మూత

ఇరవై నాలుగేళ్ళుగా నా ఉద్యోగం ఇతరుల ఆశల మీద నీళ్ళు చల్లడం. కొరియాలో, దేజాన్ నగరంలోని మా పేటెంట్ పరిశోధన సంస్థకి ఎవరైనా "కొత్తది కనిపెట్టాం" అంటూ వస్తే, అంతకుముందే ఇంకెవరో కనిపెట్టిన కాగితం వెతికి వాళ్ళ ముందు పెట్టేదాన్ని. ఆఫీసులో నా వెనక నన్ను 'ఇది పాతదే' అని పిలుస్తారని తెలుసు. పిలవనీ.

అలాంటి నాకు రిటైరయ్యేలోపు ఒక్కసారైనా ఆవిష్కర్త అన్న గడిలో 'ప్యో గ్యాంగ్‌రాన్' అని నా పేరు చూసుకోవాలన్న పిచ్చి పట్టింది. జాడీలో ఊరే కిమ్చీ, అదే మా క్యాబేజీ పచ్చడి, రసం పైకి తేలకుండా స్ప్రింగుతో తనంతట తానే అదిమి పట్టే లోమూత తయారుచేశాను. మా పద్ధతి ప్రకారం పేరు కప్పేసి, నేనే పని నేర్పిన తాక్ సుజిన్ బల్ల మీద దరఖాస్తు పెట్టాను.

మూడో రోజు ఆమె గంతులేస్తూ వచ్చింది. "మేడమ్, దొరికింది! 1983 నాటిది. బొమ్మ చూడండి, అచ్చు గుద్దినట్టుంది. పాపం, ఈయనెవరో గానీ మునిగాడు."

"ఈయన కాదు, ఈవిడ."

సుజిన్ నవ్వబోయి, నా మొహం చూసి, కాగితం వెనక్కి దాచుకుంది. "అయ్యో మేడమ్... ఇంకాస్త తక్కువ వెతకాల్సింది."

"అలా వెతికుంటే నీకు నా చేతిలో మూడేది."

ఏడుపొచ్చింది, నిజమే. కానీ స్ప్రింగు కూడా నేను పెట్టిన చోటే ఉంది. నాలా ఆలోచించిన మనిషి ఒకరున్నారు! పాత కాగితాల్లో ఆవిష్కర్త చిరునామా ఉంటుంది. చూస్తే మా ఊరే, నది అవతల.

ఆదివారం నా మూత సంచిలో వేసుకుని వెళ్ళాను. ఆ పాత మూత కనిపెట్టిన ఎనభై మూడేళ్ళ బాంగ్ ఓక్‌బున్ గారు తలుపు తీసి, కాగితం చూసి నోరు తెరిచారు. "ఇన్నాళ్ళకి ఒకళ్ళు చదివారమ్మా! రా, రా, అన్నం తిని వెళ్ళు."

వంటింట్లో ఆ మూత ఇంకా వాడుకలోనే ఉంది. తీయబోతే మాత్రం రాలేదు. ఆవిడ గరిటెతో చుట్టూ టకటకా కొట్టారు. "నలభై ఏళ్ళుగా ఇదే గోల. బిగుసుకుపోతుంది ముదనష్టపు మూత. అందుకే ఎవరూ కొనలేదు."

సంచిలోంచి నా మూత బయటికి తీశాను. నా మూత బిగుసుకోదు. లోపలికి గాలి పోయేలా, పిడి ఎత్తగానే తెరుచుకునే చిన్న రంధ్రం ఉంది దానికి. ఇదేం గొప్పలే అని దరఖాస్తులో ఆ ముక్కే రాయలేదు! వేరే ఎవరైనా ఆ తప్పు చేస్తే చీల్చి చెండాడేదాన్ని.

ఆవిడ నా మూతను జాడీలో పెట్టి గట్టిగా నొక్కి, పిడి ఎత్తారు. ఎర్రటి రసం నా తెల్లచొక్కా మీదికి చిమ్మింది.

"రంధ్రం నడిమధ్యన పెట్టావేంటే పిచ్చిదానా! అంచున, వాలుగా పెట్టు."

ఇద్దరం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం.

వాలు రంధ్రంతో కొత్త దరఖాస్తు రాసి, ఈసారి రెండు పేర్లు కప్పేసి, మళ్ళీ సుజిన్‌కే ఇచ్చాను. వారం పాటు ఆమె నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. చివరికి ఉత్త చేతులతో వచ్చి నిలబడింది.

"ఏమీ దొరకలేదు మేడమ్."

"సరిగ్గా వెతికావా?"

"మీరు నేర్పినట్టే. జాలి లేకుండా."

వెంటనే ఓక్‌బున్ గారికి ఫోన్ చేశాను. ముందు గరిటె చప్పుడు వినిపించింది, తర్వాత ఆవిడ గొంతు. "ఏమైందే? పాతదేనా?"

"కాదు పెద్దమ్మా, కొత్తది!" అని అరిచాను. ఆఫీసంతా తలలెత్తి చూసింది.