గంగరాజు తూచిన సైకిలు

గూడ్సు బండి నడిపే సూర్యానికి నలభై అయిదో ఏడు నిండగానే రైల్వే డాక్టరు ఒక మాట చెప్పాడు. షుగరు గీత మీద ఉంది, బరువు గీత దాటింది, మూడు నెలల్లో రెండూ దిగిరాకపోతే ఇంజను దిగి ఆఫీసులో కూర్చోవలసిందే. ఇరవై రెండేళ్లుగా రాయగడ నుంచి కోరాపుట్ దాకా కొండల్లో, సొరంగాల్లో బండి నడిపిన మనిషిని కుర్చీలో కూర్చుని కాగితాలు కుట్టుకోమంటే ఎలా ఉంటుంది? చేపను తెచ్చి గట్టుమీద పెట్టి, నీడ బాగుందా అని అడిగినట్టుంటుంది.

ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గడపలో కూర్చున్నాడు. "ఇంజను దిగిపోతే నాను బతకలేనే" అన్నాడు భార్య నాగశ్రీతో. పది మాటలకు ఒక మాట మాట్లాడే మనిషి అలా అనేసరికి ఆవిడ లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. రాత్రికి అన్నం సగానికి తగ్గించి, సొరకాయ కూర రెట్టింపు చేసింది.

ఉపాయం చెప్పింది ఇంజనులో పక్కన కూర్చునే మల్లేశు. రైలు డ్యూటీకి వేళాపాళా ఉండదు, పొద్దున్నే నడుద్దామంటే ఆ పొద్దున ఏ లోయలో ఉంటామో తెలియదు. అదే కాలనీ నుంచి, డ్యూటీ సంతకం పెట్టే లాబీ దాకా ఉన్న ఆరు కిలోమీటర్లూ మోటారుసైకిలు మానేసి తొక్కితే, డ్యూటీకి డ్యూటీ, కసరత్తుకు కసరత్తు.

"అయితే మామూలు సైకిలు కాదండి" అన్నాడు మల్లేశు. "రోడ్డు సైకిలు. సన్న టైర్లు, వంపు హేండిలు. కోరాపుట్‌లో మనోరంజన్ కొట్లో ఉన్నాయి. ఒకపాలి ఎక్కితే దిగబుద్ది కాదు."

ఇంతవరకూ బాగానే ఉంది. కొనడానికి మామగారు గంగరాజు కూడా వస్తానన్నాడు, అక్కడ వచ్చింది చిక్కు.

గంగరాజు నాగశ్రీకి తండ్రి, సూర్యానికి సొంత మేనమామ. బొబ్బిలి వైపు నుంచి వచ్చి రాయగడ బజారులో పప్పులు, ఉల్లిపాయలు హోల్‌సేలు చేస్తున్న మనిషి. ఆరడుగుల పొడుగు, అరవై ఆరేళ్లు, ఇంకా కొట్టులో బస్తా తనే సర్దుతాడు. సూర్యానికి ఎనిమిదో ఏట తండ్రి పోతే తెచ్చి పెంచి, ఐటిఐ చదివించి, పిల్లనిచ్చాడు. అలాంటి మావయ్య మాటకు 'కాదు' అనడం సూర్యానికి ఈ జన్మలో పట్టుబడలేదు.

మనోరంజన్ కొట్లో సైకిళ్లు గోడకు వేలాడుతున్నాయి. ఒకే రకం మూడు కొలతల్లో ఉందని, మూడింటికీ ధర ఒకటేనని మనోరంజన్ చెప్పాడు. సూర్యాన్ని పైనుంచి కిందికి చూసి చిన్నది దించాడు. సూర్యం ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. దాని మీద కూర్చోగానే చేతులు వాటంతటవే బ్రేకుల దగ్గరకు వెళ్లాయి. బాగుంది అని నోటిదాకా వచ్చింది.

"మూడింటికీ ఒకటే రేటా?" అన్నాడు గంగరాజు.

"ఒకటే ఆగ్యా" అన్నాడు మనోరంజన్, ఒడియాలో 'అయ్యా' అన్నమాట.

"ఒకటే రేటయితే చిన్నది ఎవడు తీస్తాడు? పెద్దది దించు."

మనోరంజన్ తనకొచ్చిన తెలుగులో నచ్చజెప్పబోయాడు. సైకిలు కాలి కొలతను బట్టి కొనాలన్నాడు. గంగరాజు వినలేదు. పెద్ద సైకిలును ఒక చేత్తో, దాని పక్కనున్న ఖరీదైన సైకిలును రెండో చేత్తో ఎత్తి, కళ్లు మూసుకుని తూచాడు. బస్తాను ఎత్తి చూసి కిలో అటూ ఇటూ కాకుండా చెప్పే చెయ్యి అది.

"ఎక్కువ రేటుది తేలిగ్గా ఉందేటి?"

"తేలికకే ధర ఆగ్యా. అల్యూమినియం, సన్న గొట్టాలు."

"సరుకు తక్కువేసి డబ్బులెక్కువ తీసుకుంతారా? నలబై ఏళ్ల వేపారంలో ఇలాటి బేరం సూళ్లేదు నాను." తర్వాత పెద్ద సైకిలు తనే ఎక్కి, కొట్టు ముందు రోడ్డు మీద ఇటునుంచి అటు తొక్కి వచ్చాడు. ముఖం వెలిగిపోయింది. "సింహాసనంలాగుంది బాబూ. ఇదే తీసీ. ఏటంతావు?"

సూర్యం తల ఊపాడు. డబ్బులు కట్టింది అతనే, నడుము పడిపోయిందీ అతనిదే.

పది రోజులు తొక్కాడు. సీటు ఎంత దించినా మునివేళ్లే నేలకు తగిలేవి. హేండిలు అందుకోవాలంటే చెరువులో గిన్నె జారిపోతే వంగినట్టు వంగాలి. మెడ పట్టేసింది, మోకాలు వాచింది. పదకొండో రోజు మళ్లీ మోటారుసైకిలు తీశాడు. నాగశ్రీ ఊరుకుంటుందా? ఆ సైకిలు మీద తువ్వాళ్లు ఆరేసింది. మూడు నెలల్లో ఇరవై ఏడు రోజులు పోయాయి, బరువు అరకిలో కూడా తగ్గలేదు.

"పెద్దదని నాన్నకి సెప్పొచ్చు కదా" అంది ఆవిడ.

"సూద్దాంలే" అన్నాడు. మొహమాటానికి పోతే మొదటికే మోసమని ఊరికే అన్నారా.

ఇరవై ఎనిమిదో రోజు తువ్వాళ్లు తీసి, మోకాలికి పట్టీ చుట్టుకుని బయలుదేరాడు. కాలనీ దాటగానే చదును రోడ్డు, ఆ తర్వాత పెద్ద పల్లం. రైలు నడిపేవాడు బండి కదిలాక చదునులోనే ఒకసారి బ్రేకు వేసి చూసుకుంటాడు, పల్లంలోకి దిగాక చూసుకునేది ఉండదు. అలవాటుకొద్దీ సూర్యం బ్రేకు నొక్కాడు. పది రోజులూ ఎలాగో వంగి అందుకున్నవాడు, మెడ నొప్పికి ఇవాళ అంత వంగలేకపోయాడు; గోళ్లు తగిలాయి గానీ పిడి చేతిలోకి రాలేదు. సైకిలు ఆగడానికి మూడు కరెంటు స్తంభాల దూరం పట్టింది.

దిగి నిలబడ్డాడు. రైల్లో ఒక రివాజు ఉంది. ఎర్ర సిగ్నలు కనిపిస్తే పైకి అనాలి, పక్కవాడు అదే మాట తిరిగి అనాలి. చిన్నా పెద్దా లేదు, చూసింది చూసినట్టు నోరు విప్పి చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా అలా చెబుతున్నవాడు మనోరంజన్ కొట్లో కళ్లెదుట ఎర్ర దీపం చూసి కూడా నోరు మూసుకున్నాడు. తన మీద తనకే కోపం వచ్చింది. సైకిలు నడిపించుకుంటూ తిన్నగా బజారుకు, మామగారి కొట్టుకు వెళ్లాడు.

"మావయ్యా, ఇది నాకు పెద్దది. బ్రేకు అందటం లేదు. ఆ రోజే తెలుసు నాకు. నీకు సెప్పలేకపోయేను."

గంగరాజు చేతిలోని కందిపప్పు మళ్లీ బస్తాలో వేశాడు.

"తెలిసీ తలూపేవన్నమాట. సిన్నప్పట్నుంచీ నాను సెప్పినవాటికల్లా తలూపుతూనే ఉన్నావు. వాటిలో ఎన్ని నీకు పెద్దవయ్యేయి బాబూ?"

ఒక్కటీ లేదని సూర్యానికి నోటిదాకా వచ్చింది. అయినా ఇవాళ అబద్ధం ఆడదలుచుకోలేదు. "రెండే మావయ్యా. ఇదొకటి, నా పెళ్లికోటు ఒకటి."

గంగరాజు బస్తా మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. ఆ కోటు కూడా ఒకటే రేటని మావయ్య పెద్దది తీసిందే. పెళ్లి ఫొటోల్లో సూర్యానికి వేళ్లు కనిపించవు.

"రేపు కోరాపుట్ పోదాం" అన్నాడు. "దీన్ని వాపసిస్తాననకు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని నా కొట్టులోనే బోర్డుంది, ఏ మొగం పెట్టుకుని అడుగుతాను? ఇది నాకుండనీ. నా కొలతకే కదా కొన్నాను, మతిలేక."

మర్నాడు కోరాపుట్‌లో గంగరాజు సైకిళ్ల కొట్టు గుమ్మం ఎక్కలేదు, బయటే నిలబడి టీ తాగాడు. లోపల మనోరంజన్ సూర్యాన్ని గోడకు ఆనించి కాలి కొలత తీశాడు, చిన్నది దించాడు, బ్రేకు పిడి వేళ్లకు అందేలా చిన్న మర తిప్పి బిగించాడు. ఎలా ఉందని అడిగాడు. "ఇంకొంచెం దగ్గరికి తియ్యాల" అన్నాడు సూర్యం. మనోరంజన్ తీశాడు.

మిగిలిన రెండు నెలలూ ఎండైనా వానైనా లాబీకి సైకిలే. గంగరాజు కూడా పెద్ద సైకిలు మీద ఇంటి నుంచి కొట్టుకు దర్జాగా వచ్చేవాడు. ప్రతి ఆదివారం అల్లుణ్ణి బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టేవాడు. అంకె మాత్రం చదవనిచ్చేవాడు కాదు, ఆఖర్న చెబుతాలే అని తన అరచేత్తో మూసేసేవాడు.

డాక్టరు కాగితం మీద 'ఫిట్' అని రాసిన రోజున సూర్యం ఇంటికి వెళ్లకుండా కొట్టుకే వచ్చాడు. నాగశ్రీ అప్పటికే అక్కడ ఉంది, ఎప్పుడొచ్చిందో. సూర్యం కాగితం ఆమె చేతిలో పెట్టి, కాటా ఎక్కాడు. గంగరాజు కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశాడు. లారీలో సరుకు తరుగు వచ్చిందని నలభై ఏళ్లు లారీవాళ్లతో తగువులాడిన మనిషి. దారిలో కిలో పోయినా రాత్రి నిద్రపోడు.

"ఏడు కిలోలు తరుగు" అన్నాడు, ఈసారి అంకెను మూసెయ్యకుండా.

"ఏడు కిలోలు తరుగు" అన్నాడు సూర్యం కాటా మీద నిటారుగా నిలబడి, ఇంజనులో అన్నట్టే.