నడుము ఫోటో

మా ఆయన మల్లయ్యకు మగ్గమంటే ఎంత ప్రాణమో దవాఖానంటే అంత భయం. నారాయణపేటలో పుట్టి, ఇక్కడే గుంత మగ్గంలో కూర్చుని జుట్టు నెరిసింది గానీ, ఒక్క సూదిమందు వేయించుకున్న పాపాన పోలేదు. అలాంటి మనిషికి సరిగ్గా మనవరాలి తొట్టెల ముందు నడుము పట్టేసింది.

కోస్గిలో మా బిడ్డ ప్రణీతకు ఆడపిల్ల పుట్టింది. పసిదాన్ని తొట్టెలలో వేసే రోజు పుట్టింటి చీర పెట్టాలి. చీరంతా నేశాడు, కొంగొక్కటే మిగిలింది. ఇప్పుడేమో కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. దుకాణంలో ఒకటి కొందామని నోరు జారాను. "నేసెటోని బిడ్డకు కొన్న చీర పెడ్తనా?" అని నా వంక చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

మా బజారులో మిస్బా అనే పిల్ల హైదరాబాదులో చదివి వచ్చి కొత్తగా వైద్యం పెట్టింది. వెన్నుపూసల్ని చేత్తో టక్కుమని నొక్కి సర్దుతుంది. దాన్ని కైరోప్రాక్టిక్ అంటారట. నోరు తిరగక మావాళ్లు టక్కు డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. ఒక్కసారి టక్కుమనిపించుకుంటే మగ్గం ఎక్కొచ్చని మా ఆయన ఆశ. వెళ్లీ వెళ్లగానే బోర్లా పడుకోబోతే ఆ పిల్ల ఆపింది.

"ముందుగాల నడుము ఫోటో తీపిచ్చుకొని రా కాకా. అది సూడంది నేను చెయ్యి పెట్ట," అంది.

దవాఖానలో ఎక్స్‌రేని ఫోటో అనే అంటారు. దవాఖాన గడప తొక్కనివాడికి అదేం తెలుస్తుంది? ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఊతానికి నన్ను పట్టుకుని, గోపాల్ స్టూడియోకు నడిచాడు. ఇద్దరం కెమెరాకు వీపు పెట్టి నిలబడ్డాం. గోపాల్ బిత్తరపోయాడు గానీ, ఏ దేవుడి మొక్కో అనుకున్నాడేమో, ఏమీ అడగలేదు. అలవాటు కొద్దీ జర నవ్వమన్నాడు. గోడకేసి చూస్తూ ఇద్దరం నవ్వాం కూడా.

ఆ ఫోటో చూసి మిస్బా కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. తానే ఆటో మాట్లాడి అసలు ఫోటోకు పంపింది. తెచ్చిన నల్ల ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాక మాత్రం నవ్వలేదు. ఎప్పుడైనా పడ్డావా అని అడిగింది. చిన్నప్పుడు చింతచెట్టు మీది నుంచి పడ్డాడట. ఇన్నేళ్ల కాపురంలో నాకు చెప్పని ముచ్చట! అప్పుడు చిట్లిన ఎముక అతికింది గానీ, ఒక పూస పక్కకు జరిగి వంకరగా ఉందని వేలు పెట్టి చూపించింది.

"గిది సూడకుంట నేను నొక్కితే నీ కాళ్లు చచ్చువడుతుండెనేమో కాకా."

మా ఆయనకు కాళ్ల ఫికర్ లేదు. "అయితే కొంగెట్ల?" అన్నాడు.

బెల్టు కట్టుకోవాలని, మెల్లగా చేసే కసరత్తు నేర్పుతానని, అది తగ్గేదాకా మగ్గం జోలికి పోవద్దని మిస్బా చెప్పింది. ఇంటికి రాగానే ఆయన మగ్గం మీది చీరను తడిమి చూశాడు. నాకు ముందు ఏడుపొచ్చింది, వెనకే కోపమొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి నూలు కండెలు చుట్టి అందించింది నేనే కదా, చూసి చూసి ఆమాత్రం రాదా? మగ్గం గుంతలో దిగి కూర్చున్నాను. ఆయన పక్కనే చాప మీద వెల్లకిలా పడుకుని, చప్పుడు విని తప్పులు పట్టాడు.

"గంత గట్టిగ కొట్టకు. అది చీర, నా వీపు గాదు."

నీ వీపు దొరికితే ఇంకా గట్టిగా కొడతానన్నాను. పట్టేసిన నడుముతో మూలుగుతూనే నవ్వాడు.

తొట్టెలనాడు ప్రణీత చీర విప్పి కొంగు దగ్గర ఆగింది. అంచు కొంచెం వంకరపోయింది. నా ముఖం మాడిపోయింది. పసిదాన్ని ఒళ్లో పెట్టించుకుని కూర్చున్న మా ఆయన తలెత్తాడు.

"గా వంకర నా నడుము లెక్కనే బిడ్డా. అతికింది, సాలు."

ప్రణీత ఆ చీరే కట్టుకుని బిడ్డను తొట్టెలలో వేసింది. మా ఆయన ఊరుకున్నాడా? వచ్చిన ప్రతి చుట్టాన్నీ పిలిచి, మిస్బా ఎక్స్‌రే చూపించినట్టు, ఆ వంకర మీద వేలు పెట్టి చూపించాడు.

"గీడ నుంచి మా కౌసల్య నేసింది."

పదిమందిలో ఆయన నోట నా పేరు వినడం అదే మొదటిసారి.